పావతి మీద ఒక్క పేరు

ఊళ్ళో ఆస్తి తగాదా అంటే పొలం గట్టు దగ్గర, లేదంటే అన్నదమ్ముల నడిమి గోడ దగ్గర. పొట్ట చేత పట్టుకొని బొంబాయి వచ్చిన మనకు గట్టూ లేదు, గోడా లేదు. ఉన్నదల్లా ఒక ఖోలి, దానికి నెలనెలా కట్టే కిరాయి, ఆ కిరాయికి ఇచ్చే పావతి. పావతి మీద ఒక్క పేరుకే చోటు. గదిలో మాత్రం ఆరుగురో ఎనిమిదిమందో, పండుగ దాటాక ఊరినుంచి కొత్తగా దిగేవాళ్ళతో కలిపి పన్నెండుగురో ఉండేవాళ్ళు. పేరు లేని ఆ మనుషుల సంగతి ఒకసారి ఆలోచించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రశ్న చిన్నదే. గది ఒకరి పేరున ఉంది. కిరాయి అందరూ పాళ్ళు వేసుకొని కట్టారు. ఒకడు వెళ్ళిపోయాడు, వాడి చోట్లోకి మరొకడు వచ్చాడు. ఇరవై ఏళ్ళలో గదిలో పడుకునేవాళ్ళంతా మారిపోయారు, పావతి మీద పేరు మాత్రం మారలేదు. ఇప్పుడు ఆ గది ఎవరిది? చట్టాన్ని అడిగితే ఒక్క మాటలో చెబుతుంది, పేరున్నవాడిదని. కాగితం చూసి తీర్పు చెప్పడమే దాని పని గనుక అంతకు మించి చెప్పమని దాన్ని నిలదీయలేం. కాని పేరున్నవాడు పేరు లేనివాడికి ఏమన్నా బాకీ పడ్డాడా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కోర్టులో దొరకదు, మనలో మనమే చెప్పుకోవాలి.

ఇప్పుడే ఎందుకంటే, వర్లీ బి.డి.డి. చాళ్ళు ఒక్కొక్కటే కూలుతున్నాయి. 160 చదరపు అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఇల్లు, ఉచితంగా, సొంతానికి ఇస్తున్నారు. 2025 ఆగస్టు 14న మొదటి విడతగా 556 మందికి తాళంచెవులు అందాయి. నెలకు కొద్దిపాటి కిరాయి కట్టే గదిగా ఉన్నంతకాలం అది ఎవరిదన్న ప్రశ్నకు అంత బరువు లేదు. అదే గది కోట్ల విలువచేసే ఇల్లుగా మారేసరికి పెట్టెల అడుగునుంచి పాత పావతులు పైకి వచ్చాయి. పావతులతోపాటు పాత మనుషులు కూడా జ్ఞాపకం రావాలి.

ఈ నగరంలో మనవాళ్ళకు నిలవడానికి చోటు దొరికిన తీరే వేరు. 18వ శతాబ్ది చివరలో వర్లికీ మహాలక్ష్మికీ మధ్య సముద్రపు గండికి కట్ట వేశారు. లోపలి పల్లపు నేలలు ఆరి మనుషులు ఉండడానికి పనికివచ్చాయి. ఆ నేలల్లో నిజాం రాజ్యపు తెలుగు సీమలనుంచి వచ్చిన రాతిపని, మట్టిపని కూలీలు గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళను కామాఠీలన్నారు, ఆ పేటను కామాఠీపురా అన్నారు. తరువాతి కాలంలో ఆ పేటకు లోకంలో ఏ పేరు పడ్డా, దాని అసలు పేరులో ఉన్నవాడు మన కూలివాడే. ఆ వెనుక మిల్లులు వచ్చాయి. కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు సాలెవాళ్ళు చేతిమగ్గం వదిలి మిల్లు లూముల మీదికి వచ్చారు. పాలమూరు వాళ్ళు కట్టడాల పనికి వచ్చారు. 1920లో గవర్నరు లాయిడ్ ఏలుబడిలో ఏర్పడ్డ బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లి, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివడీలలో 207 చాళ్ళు కట్టించింది. అందులో 121 ఒక్క వర్లీలోనే. కింద ఒకటి, పైన మూడు అంతస్తులు, అంతస్తుకు ఇరవై గదులు, మరుగుదొడ్లు అందరికీ కలిపి. కట్టిన కొత్తలో చాలా గదులు ఖాళీగా పడి ఉండేవి. మిల్లులకు దూరం, పైగా కిరాయి ఒంటి కూలీకి మోయలేని బరువు. నలుగురు పాళ్ళు వేసుకుంటేనే అది కూలివాడికి అందే గది అవుతుంది. కనుక గదిని పంచుకోవడం అన్నది ఎవరో దొంగచాటుగా మొదలుపెట్టిన అలవాటని నేను అనుకోను. కూలివాడు ఈ నగరంలో బతకగలిగిన పద్ధతే అది.

నేను పెరిగిన చాల్లో, మా నడవాలోనే అలాంటి గది ఒకటి ఉండేది. మిల్లుల్లో మూడు పాళీలు: పొద్దుటి పాళీ, మధ్యాహ్నం పాళీ, రాత్రి పాళీ. గదిలో తొమ్మిదిమంది. రాత్రి పాళీ చేసివచ్చినవాడు పడుకునే వేళకు పొద్దుటి పాళీవాడు చాప చుట్టి లేచేవాడు. ఒకే చోటు ఇద్దరికి, ఒక్కోసారి ముగ్గురికి. మాళా మీద తొమ్మిది రేకు పెట్టెలు, గోడకు తొమ్మిది మేకులు, మోరి పక్కన తొమ్మిది చెంబులు. గది ఎవరి పేరున ఉందో మా పిల్లలకు తెలియదు. అందరినీ మామా, బావా, అన్నా అనే పిలిచేవాళ్ళం.

మన భాషలో పాలు అంటే వాటా. తెలంగాణలో పాలోళ్ళు అంటే దాయాదులు. పొలంలో వాటా ఉన్నవాళ్ళు, చనిపోతే మైల పట్టేవాళ్ళు. మరాఠీలో పాళీ అంటే వంతు, మిల్లులో షిఫ్టు. బొంబాయి తెలుగువాడి బతుకు ఈ రెండు మాటల మధ్య నడిచింది. ఒకే చాపను వంతులవారీగా పరచుకున్నవాళ్ళు ఒకరికొకరు పాలోళ్ళలాగే మెలిగారు. జ్వరం వస్తే కె.ఇ.ఎం. ఆసుపత్రికి మోసుకుపోయారు, చదువు రానివాడికి మనియార్డరు ఫారం నింపి పెట్టారు, ఒకడి తండ్రి పోతే గదంతా చందా వేసి రైలెక్కించారు. మైలలో పాలు పంచుకున్నారు గాని వాటా మాట వచ్చేసరికి వాళ్ళు పాలోళ్ళు కాకుండా పోయారు.

మిల్లులో బదిలీ కార్మికుడనేవాడు ఉండేవాడు. పర్మనెంటు మనిషి రాని రోజున వాడి లూము మీద నిలబడి పనిచేసేవాడు. వాడి బతుకు కష్టమైనదే. అయినా వాడికో కార్డు ఉండేది, పనిచేసిన రోజులు ఎక్కడో ఒకచోట లెక్కకు ఎక్కేవి. ఆ లెక్కను పట్టుకొని ఏదో ఒకనాడు పర్మనెంటు చెయ్యమని అడగడానికి నోరుండేది. గదిలో ఒకడు పోయి మరొకడు వస్తే, ఆ వచ్చినవాడు కూడా బదిలీ మనిషే. కాని వాడు ఎన్ని రాత్రులు పడుకున్నాడో రాసిపెట్టే కార్డు లేదు.

అలాగని గదుల్లో ధర్మం లేదని కాదు. రాతలేని కట్టుబాటు ఒకటి ఉండేది. మొదటిది పెట్టె కట్టుబాటు. పెట్టె మాళా మీద ఉన్నంతవరకు మనిషి గదిలో ఉన్నట్టే లెక్క. "పెట్టె ఈడనే ఉండనియ్యి అన్నా, పండుగకు పోయొస్త" అని చెప్పి వెళ్ళినవాడు రెండు నెలలకు వచ్చినా వాడి మేకు వాడికే ఉండేది. వాడు లేని నెలల కిరాయి పాలు తక్కినవాళ్ళు కట్టి, వచ్చాక కొంచెంకొంచెంగా వసూలు చేసుకునేవాళ్ళు. రెండోది మాట కట్టుబాటు. వెళ్ళేవాడు నెల ముందు చెప్పాలి. వాడి బదులు వచ్చేవాణ్ణి వాడే తీసుకురావచ్చు, అయితే గదిలో ఉన్నవాళ్ళు ఒప్పుకోవాలి. తాగి గొడవచేసేవాణ్ణి, కిరాయి ఎగ్గొట్టేవాణ్ణి ఎంత దగ్గరి చుట్టమైనా ఒప్పుకునేవాళ్ళు కాదు. పావతి మీద పేరున్న పెద్దాయన కూడా ఈ విషయంలో ఒక ఓటు ఉన్నవాడే తప్ప యజమాని కాదు.

ఈ కట్టుబాటు పెద్ద పరీక్షకు నిలబడవలసి వచ్చింది 1982లో. ఆ ఏడు జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు బయటికి వచ్చారు. నెలలు గడిచాయి, మిల్లు సైరన్లు మోగలేదు. మనవాళ్ళు కొందరు ఊరికి పోయారు, కొందరు భివండీ పవర్‌లూములకు, కొందరు సూరత్‌కు. పెట్టెలు మాత్రం మాళాల మీదే ఉండిపోయాయి. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. ఉన్న ఇద్దరు ముగ్గురు తొమ్మిదిమంది కిరాయి ఎలా మోస్తారు? కొత్తవాళ్ళను తెచ్చుకున్నారు. కొత్తవాళ్ళ పెట్టెలకు చోటు కావలసివచ్చి పాత పెట్టెలు కిందికి దిగాయి. మూడో ఏట తిరిగివచ్చిన ఒక మామ, తన మేకుకు వేలాడుతున్న పరాయి చొక్కాను చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోవడం నేను చూశాను. గదిలో ఉన్నవాళ్ళలో ఎవరిదీ తప్పని చెప్పలేను. కిరాయి కట్టి గదిని నిలబెట్టినవాళ్ళది న్యాయమే. ఆ మామ పన్నెండేళ్ళు పాలు కట్టినమాటా నిజమే. ఆ రోజు వాళ్ళు చేసిన తీర్పు నాకు ఇప్పటికీ బాగున్నట్టే తోస్తుంది. చోటు కొత్తవాడిదే. కాని పాతవాడికి పని దొరికేదాకా నడవాలో పడక, గదిలో బువ్వ, కిరాయి మాట ఎత్తకూడదు. హక్కు పోయినచోట కూడా మర్యాద మిగిలిందన్నమాట.

ఇంతవరకు చెప్పింది చదివి పావతి మీద పేరున్నవాడు ఊరికే పెద్దరికం అనుభవించాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. వాడి కష్టం వాడిది. తొమ్మిదిమందిలో ముగ్గురు కిరాయి ఇవ్వకపోయినా గడువుకు మొత్తం కట్టవలసింది వాడే. పైవాడికి తెలియకుండా మనుషులను పెట్టుకున్నాడని తేలితే ఖాళీ చెయ్యమనేది వాణ్ణే. పోలీసులు వచ్చినా, నడవాలో కొట్లాట జరిగినా పిలిచేది వాడి పేరే. అందుకు ప్రతిఫలంగా తన పాలు కొంచెం తక్కువ కట్టినా, కిటికీ పక్కన చోటు తీసుకున్నా దాన్ని లాభం అనడానికి మనసొప్పదు. ఒకరి పేరు తాకట్టు పెడితేనే తక్కిన ఎనిమిదిమందికి నీడ దొరికింది. అయితే ఇక్కడొక గీత ఉంది. మోసిన బరువుకు తగినంత తీసుకోవడం ఒకటి, ఎనిమిదిమంది పాళ్ళు కలిపి పావతి మీది కిరాయికి మూడింతలు వసూలుచేసి మిగులును జేబులో వేసుకోవడం మరొకటి. ఆ రెండోదాన్ని చేసినవాళ్ళు కూడా మన చాళ్ళలో ఉన్నారు. చేసేవాడికీ తెలుసు, ఇచ్చేవాడికీ తెలుసు. మరో చోటు దొరకదు గనుక ఇచ్చేవాడు నోరు మూసుకునేవాడు.

మరో చిక్కు, పేరున్నవాడి పెళ్ళి. భార్య వస్తుంది, పిల్లలు పుడతారు. పదిమంది మగవాళ్ళ గదిలో చీర తెర కట్టి కాపురం ఎన్నాళ్ళు? ఒక్కొక్కరినే వెళ్ళిపొమ్మనాలి. సంసారికి గది కావాలన్నది ఎవరూ కాదనలేని అవసరం. కాని చాలా ఇళ్ళలో జరిగింది ఇంకొకటి కూడా ఉంది. వచ్చిన ఇల్లాలు భర్తకే కాదు, గదిలో మిగిలిన నలుగురైదుగురికి కూడా వండిపెట్టింది. మిల్లు పేటల్లో ఇలా వండిపెట్టే ఇల్లాళ్ళు వేలల్లో ఉండేవాళ్ళు. 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణ మహిళా మండలిని స్థాపించింది వాళ్ళకోసమే. సమ్మె రోజుల్లో మగవాడి జీతం ఆగినప్పుడు ఆ ఖానావళి డబ్బుతోనే కిరాయి కట్టిన గదులు నాకు తెలుసు. ఆ ఇల్లాలి పేరూ పావతి మీద లేదు. పేరు లేనివాళ్ళ జాబితాలో మొదటి పేరు ఆమెదేనని మనం మరిచిపోతాం.

ఇక చట్టం సంగతి. కామాఠీపురా వంటిచోట్ల ప్రైవేటు మాలికుల భవనాలకు 1947 నాటి బొంబాయి కిరాయి చట్టం వర్తించింది. కిరాయిలను 1940 సెప్టెంబరు నాటి మట్టంలో నిలిపివేసి అది కిరాయిదారుడిని కాపాడింది. అదే చట్టం కిరాయిదారుడు ఇంకొకరికి కిరాయికి ఇవ్వకూడదంది, ఇస్తే ఖాళీ చేయించవచ్చంది. అయినా ఇచ్చారు. ఇవ్వక తప్పని నగరం ఇది. అది చూసి ప్రభుత్వమే రెండుసార్లు తల వంచింది. 1959లో అప్పటికే ఉన్న ఉపకిరాయిదారులకు రక్షణ కల్పించింది. తరువాత 1973 ఫిబ్రవరి 1 నాటికి లైసెన్సు మీద ఉంటున్నవాళ్ళను కిరాయిదారులుగానే ఎంచాలని చట్టం సవరించింది. మంచి పనే. కాని దానిలో ఒక మాట ఉంది. ఆ మనిషి చేతిలో ఉన్న చోటు ఒక గదికి తక్కువ కాకూడదు. మనవాడి చేతిలో ఉన్నది గది కాదు, ఒక చాప వెడల్పు, ఒక మేకు, ఒక పెట్టెకు చోటు. అంత దయగల చట్టం కూడా చాప వెడల్పు మనిషిని చూడలేకపోయింది.

దానితో ఇంకొకటి కూడా జరిగింది. ఇవాళ చోటిస్తే రేపు హక్కంటాడేమోనని భయం పట్టుకుంది. ఊరినుంచి మేనల్లుడు వస్తే పదిరోజులు ఉంచుకోవడానికి వెనకాడని మనుషులు, పదకొండు నెలల కాగితం రాయించందే ఎవరినీ గడప దాటనివ్వని స్థితికి వచ్చారు. 2000 మార్చి 31న అమలులోకి వచ్చిన మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం ఆ కాగితాన్ని రిజిస్టరు చేయించాలంది, గడువు తీరాక ఖాళీ చేయించడం సులువు చేసింది, అంతవరకు చాటుగా నడిచిన పగిడీని ఒప్పుకుంది. మాలికుకూ కిరాయిదారుడికీ మధ్య కొంత స్పష్టత వచ్చింది. గదిలో ఉన్నవాళ్ళ మధ్య మాత్రం ఏమీ మారలేదు.

బి.డి.డి. చాళ్ళు సర్కారువి. వాటి దారి వేరు. అక్కడా నియమం ఒకటే, పేరున్నవాడే ఉండాలి. కనుక సర్వేకు వచ్చిన అధికారి "ఇక్కడ ఇంకెవరైనా ఉంటున్నారా?" అని అడిగితే, ముప్ఫై ఏళ్ళుగా గదిలో ఉంటున్న మనిషి ఎదుటనే నిలబడి ఉండగా "ఎవరూ లేరు, ఊరినుంచి చూడవచ్చిన చుట్టం" అని చెప్పవలసివస్తుంది. చెప్పకపోతే ఇద్దరికీ గది పోతుంది. ఆ అబద్ధాన్ని నేను తప్పుపట్టను. అది ఇద్దరూ కలిసి ఆడిన అబద్ధం. తప్పు తరువాత మొదలవుతుంది. అధికారి మెట్లు దిగి వెళ్ళిపోయాక కూడా, ఇంటి కాగితం చేతికి వచ్చాక కూడా, ఆ మనిషితో "నువ్వు ఊరినుంచి వచ్చిన చుట్టానివే కదా" అన్నప్పుడు. సర్కారును నమ్మించడానికి కూడబలుక్కున్న మాటను, కూడబలుక్కున్నవాడి మీదికే తిప్పడం అది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నారు పెద్దలు.

చట్టంలోనే మనకు పనికివచ్చే ఆలోచన ఒకటి ఉంది. కిరాయిదారుడు చనిపోతే, చనిపోయేనాటికి అతనితో కలిసి ఉంటున్న కుటుంబసభ్యుడికి కిరాయి హక్కు వస్తుంది. ఊళ్ళో కాపురముండే పెద్దకొడుకుకంటే గదిలో కలిసి ఉన్న చిన్నకొడుకుది పైచెయ్యి. అంటే కలిసి ఉండడానికి విలువ ఉందని చట్టం కూడా ఒప్పుకున్నట్టే. కాకపోతే ఆ విలువ రక్తసంబంధం ఉన్నవాడికే. చివరి మూడు నెలలు మందూ మాకూ చూసినవాడు గదిలోని బదిలీ మనిషి, హక్కు మాత్రం కర్మకాండకు వచ్చిన వారసుడిది. చట్టం ఎక్కడో ఒకచోట గీత గీయాలి, రక్తం దగ్గర గీసింది. మన మనసు కూడా అక్కడే గీయాలని లేదు.

పక్కవాళ్ళను చూద్దాం. గోవానుంచి వచ్చిన క్రైస్తవులు ధోబీ తలావ్ చుట్టుపక్కల కూడ్‌లు పెట్టుకున్నారు. ఒక్కో ఊరికి ఒక్కో కూడ్. ఓడ పనివాళ్ళు, వంటవాళ్ళు, ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు అక్కడ దిగుతారు. గోడవెంట పెట్టెలు, మూలన దేవుడి పీఠం, సాయంత్రం అందరూ కలిసి ప్రార్థన. చోటు ఎవరి పేరునా ఉండదు, ఊరి పేరున ఉంటుంది. ఓడ ఎక్కి రెండేళ్ళకు తిరిగివచ్చినవాడు తన ఊరి కూడ్‌కు వస్తే చోటు అడగడానికి సందేహించడు. కొంకణ పల్లెలవాళ్ళు కూడా ఊరి పేరుతో గదులు నిలుపుకున్నారు. నేను చూసినంతలో మనవాళ్ళ గదులు చాలావరకు ఒక మనిషి పేరునే నడిచాయి. బావమరిది, మేనల్లుడు, పాలోడు, వాడికి తెలిసినవాడు, ఇలా వరసలమీద గది నిండింది. వరసలో ఆప్యాయత ఉంది. లెక్క మాత్రం లేదు. ఊరి గదిలో ఎవరూ ఎవరికీ రుణపడరు. వరస గదిలో అందరూ రుణపడతారు, ఎంతో ఎవరికీ తెలియదు.

ఆ "ఎంతో" అన్నదాన్ని తేల్చుకోవడానికి మన పాతవాళ్ళు ఒక దారి చూపించారు. ధర్మశాస్త్రాలు చెప్పే పద్దెనిమిది వ్యవహారాల్లో అప్పు తరువాత వచ్చేది నిక్షేపం, అంటే నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు. యాజ్ఞవల్క్య స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలోనే కేతన తెలుగు చేశాడు గనుక ఈ మాట మనకు కొత్తది కాదు. దాచమని ఇచ్చినదాన్ని రాజో, దొంగో, దైవమో పట్టుకుపోతే దాచినవాడు బాకీ పడడు. కాని దాన్ని తన ఇష్టప్రకారం వాడుకొని బతుకు సాగించుకుంటే, వృద్ధితో సహా తిరిగి ఇవ్వాలని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు.

పావతి మీద పేరును నేను ఇలాగే చూస్తాను. అది తొమ్మిదిమంది కలిసి ఒకరి దగ్గర దాచుకున్న పేరు. సర్కారు ఏమీ ఇవ్వకుండా చాల్‌ను కూల్చి ఉంటే, పేరున్నవాడు ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు, అందరితోపాటు తానూ రోడ్డున పడేవాడు. అదే పేరుకు ఇవాళ ఇల్లు వచ్చింది. అప్పుడు లెక్క అడగడం అన్యాయం అనిపించుకోదు.

"మరి ఆ గదిలో ఒక్క నెల పడుకున్నవాడికి కూడా వాటా ఇవ్వాలా? అలా అయితే రేపటినుంచి ఎవడు ఎవడికి చోటిస్తాడు?" అని అడిగేవారున్నారు. సరైన ప్రశ్నే. జవాబు కూడా ఆ గదుల్లోనే ఉంది. నెలకిరాయిలో పాలు కట్టినవాడు ఆ నెల నీడను కొనుక్కున్నాడు. పడుకున్నాడు, కట్టాడు, లెక్క చెల్లు. వాడికి మర్యాద తప్ప బాకీ లేదు. గది దొరికిన రోజున, లేదా గది చేతులు మారిన రోజున, ముందస్తు డబ్బులో తన చెయ్యీ వేసినవాడి సంగతి వేరు. వాడు ఒక నెలను కాదు, గదిని నిలబెట్టాడు. ఆ డబ్బు ఎంత చిన్నదైనా తిరిగి ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు గది విలువ పెరిగినట్టు ఆ డబ్బు విలువా పెరిగిందని ఒప్పుకోవాలి. ఇంకొకడున్నాడు. "ఇది నీ గది కూడా, వేరే ఖోలి ఎందుకు వెతుకుతావు" అన్న మాట నమ్మి, కొనుక్కోగలిగిన రోజుల్లో వేరే చోటు చూసుకోకుండా ఉండిపోయినవాడు. వాడు డబ్బు పెట్టలేదు, తన వయసు పెట్టాడు. ఈ ముసలితనంలో వాణ్ణి చాల్‌తోపాటు ఖాళీ చేయించడంకన్నా, కొత్త ఇంట్లో ఒక మూల చూపించడమో, ఊళ్ళో బతికేందుకు ఏర్పాటు చేయడమో పేరున్నవాడి బాధ్యత. కోర్టు అడగదు గనుకే అది ధర్మం అవుతుంది.

ఈ చర్చ చాళ్ళతో ముగిసేది కాదు. మన పిల్లలు ఇవాళ ఐరోలీలో, పవయీలో, హైదరాబాదు, బెంగుళూరు, ఇంకా దూరదేశాల్లో నలుగురైదుగురు కలిసి ఫ్లాటు తీసుకుంటున్నారు. అగ్రిమెంటు మీద ఒక్కడి పేరు. డిపాజిట్టు అందరిదీ. ఉద్యోగం మారి ఒకడు వెళ్ళిపోతే వాడి డిపాజిట్టు పాలు ఎవరు ఇవ్వాలి, ఓనరా, వచ్చేవాడా, పేరున్నవాడా? వచ్చేవాణ్ణి ఎవరు ఎంచాలి? గోడకు పడ్డ మరక ఎవరి లెక్కలో పోవాలి? పిల్లలు ఫోన్లలో లెక్కలు బాగానే రాస్తారు. అయినా తగాదాలు వస్తున్నాయి, స్నేహాలు పోతున్నాయి. వాళ్ళ తాతల గదుల్లో ఉన్న మూడు మాటలు వాళ్ళకూ పనికివస్తాయి. వెళ్ళేవాడు ముందు చెప్పాలి. వచ్చేవాణ్ణి ఉన్నవాళ్ళంతా ఒప్పుకోవాలి. పేరున్నవాడు ఆ పేరును సొంత సొమ్ముగా చూసుకోకూడదు. నాలుగో మాట తాతలు చెయ్యనిది, వీళ్ళు చెయ్యవలసింది. ఎవరు ఎంత పెట్టారో మొదటిరోజే కాగితం మీద రాసి అందరూ సంతకం చెయ్యాలి. మొహమాటం కొద్దీ రాయని కాగితమే తరువాత చుట్టరికాలను తినేస్తుంది.

వర్లీలో తాళంచెవి అందుకున్న, అందుకోబోతున్న మనవాళ్ళకు ఒక్క మనవి. కొత్త ఇంటికి పాలు పొంగించే ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని, పాత ఖోలిలో పడుకున్నవాళ్ళ పేర్లు గుర్తుకు తెచ్చుకొని రాయండి. పెద్దవాళ్ళు ఇంకా ఉన్న ఇళ్ళలో ఈ పని ఈ ఏడాదే జరగాలి. వాళ్ళు పోతే ఆ పేర్లూ పోతాయి. వాళ్ళలో ముందస్తు డబ్బు పెట్టినవాడెవడు, మాట నమ్మి ఉండిపోయినవాడెవడు, నెల లెక్క నెలకు చెల్లించి వెళ్ళినవాడెవడు, విడదీసి చూడండి. మొదటి ఇద్దరికి బాకీ తీర్చండి. వాళ్ళు లేకపోతే సిరిసిల్లలోనో, పాలమూరు పల్లెలోనో వాళ్ళ పిల్లలుంటారు, కబురు పెట్టండి. మూడోవాణ్ణి గృహప్రవేశానికి పిలవండి.